తప్పిన గుండుపై విచారణ

మా పట్టణ రైఫిల్ క్లబ్బుకి ముప్పై ఒక్క ఏళ్లు నిండిన శుభ సందర్భంలో, ఇంతకాలంలో మా సభ్యుల్లో ఏ ఒక్కరి గురీ ఏనాడూ తప్పలేదని ప్రకటించడానికి కార్యదర్శిగా గర్విస్తున్నాను. గుండ్లు తప్పాయి. అది వేరే సంగతి. గోడలోకి దిగినవి ఉన్నాయి, పక్కవారి టార్గెట్ కాగితంలోకి చుట్టపుచూపుగా వెళ్లినవి ఉన్నాయి, ఒకటి పైకప్పు రేకులోంచి బయటికి పోయి మళ్లీ కనిపించలేదు. కానీ ప్రతి గుండు మీదా పద్ధతి ప్రకారం విచారణ జరిగింది. ప్రతి విచారణలోనూ కాల్చిన సభ్యులు నిర్దోషులుగా తేలారు.

తెలియనివారి కోసం రెండు మాటలు. మేం వాడేది చిన్న బోరు రైఫిలు, అంటే నాళం రంధ్రం సన్నగా ఉండేది. తూటా చిటికెన వేలి చివరి కణుపంత ఉంటుంది. దాని అడుగు అంచు మీద రైఫిలు లోపలి పిన్ను టక్కున కొడితే పేలుతుంది కాబట్టి రిమ్‌ఫైర్ అంటారు. యాభై మీటర్ల దూరంలో వలయాలు గీసిన కాగితం ఉంటుంది. నట్టనడుమ వలయం చిటికెన వేలి గోరంత. అందులో పడితే పది పాయింట్లు, దాటిన కొద్దీ తొమ్మిది, ఎనిమిది అంటూ దిగిపోతుంది. ఈ రైఫిలుకి చప్పుడు తక్కువ, భుజానికి తగిలే దెబ్బ తక్కువ, ఖచ్చితత్వం మాత్రం చెప్పలేనంత ఎక్కువ. కాల్చేవాడి లోపాన్ని ఇంత నిర్మొహమాటంగా చూపించే వస్తువు ఇంకొకటి లేదని పుస్తకాల్లో రాశారు. ఆ పుస్తకాలు మా క్లబ్బులో ఉన్నాయి. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాం.

ఇక మా క్లబ్బు ప్రపంచానికి అందించిన కానుక గురించి చెప్పాలి. దాని పేరు తప్పిన గుండు విచారణ పత్రం. పది తప్పిన ప్రతి గుండుకీ ఒక పత్రం నింపాలి. అందులో కారణాలు ఏడు వరుసలుగా అచ్చువేసి ఉంటాయి. గాలి, తూటా, నాళం, వెలుతురు, మోచేతి కింద చాప, టార్గెట్ కాగితం, ఇతరములు. సభ్యులు తగిన వరుసలో టిక్కు పెడితే ముగ్గురు సభ్యుల సంఘం విచారించి ముద్ర వేస్తుంది. ఈ పత్రాన్ని రూపొందించింది మా వ్యవస్థాపక అధ్యక్షులు, కీర్తిశేషులు. అచ్చువేసింది నా ప్రెస్సులో. ఇప్పటికి పదకొండు ముద్రణలు.

ఇతరములు అన్న వరుస కింద మా సభ్యులు చూపిన పరిశోధనా దృష్టిని ఎంత పొగిడినా తక్కువే. వెనక ఎవరో తుమ్మడం, పక్క వీధి వడ్రంగి రంపం ఆపెయ్యడం, అదే రంపం మళ్లీ మొదలవడం, కొత్త కళ్లజోడు, పాత కళ్లజోడు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోవడం. సభ్యులొకరు తన గుండు ఆరు వలయంలో పడటానికి కారణం పెళ్లికి ముందు తాను తీసుకున్న తొందరపాటు నిర్ణయమని రాశారు. సంఘం సానుభూతితో ఆమోదించింది.

మా ప్రస్తుత అధ్యక్షులు తూనికలూ కొలతల శాఖలో తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. కొలవనిదే ఆయన నీళ్లు కూడా తాగరు. తూటాల పెట్టె మీద తయారీ విడత నంబరు ఉంటుందనీ, ఒక విడత తూటాలు ఒక రైఫిలుకి పడినట్టు ఇంకో విడతవి పడవనీ కనిపెట్టినది ఆయనే అని ఆయనే చెప్పారు. నలభై రెండు విడతలు పరీక్షించారు. ప్రతి తూటానీ కంసాలి త్రాసులో తూచి, అంచు మందం కొలిచి, వేర్వేరు డబ్బాల్లో పెట్టారు. వేడి మారితే తూటా గుణం మారుతుంది కాబట్టి ఆ డబ్బాలు ఇంట్లో ఫ్రిజ్‌లో కూరగాయల సొరుగులో ఉంటాయి. కూరగాయలు కిటికీలో ఉంటాయి. అవి వాడిపోతే తప్పు ఎండది.

ఉపాధ్యక్షులు పళ్ల డాక్టరు. ఆయన ఒకసారి కాల్చిన ఐదు గుండ్లలో మూడు ఒకే చిల్లులోంచి వెళ్లాయి. మిగతా రెండూ గుంపులో కలిసే స్వభావం లేనివని సంఘం తేల్చడంతో ఆ రెండు చిల్లులున్న భాగం కత్తిరించి, మిగతా కాగితానికి అద్దం కట్టించి క్లినిక్కులో రోగి కుర్చీకి ఎదురుగా వేలాడదీశారు. నోరు తెరుచుకుని ఉన్న రోగులు దాన్ని మెచ్చుకోలేకపోయినా కాదనలేరు.

విచారణ సంఘంలో ఈ ఇద్దరికీ తోడు మూడో సభ్యులు గాలి మాస్టారు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. మేం కాల్చే రేంజి పొడవునా పాతిన చిన్న గుడ్డ జెండాలను చూసి గాలి ఎటు నుంచి వచ్చిందో చెప్పగలరు. గుండు ఎటు వెళ్లిందో ముందు తెలిస్తే మరీ బాగా చెప్పగలరు.

ఒకసారి రైఫిళ్ల ఖచ్చితత్వాన్ని శాస్త్రీయంగా నిర్ధారించాలని తీర్మానించి, ఇనుప బిగింపు తెప్పించి, రైఫిలుని అందులో బిగించి, దారం కట్టి ట్రిగ్గరు లాగాం. అధ్యక్షుల రైఫిలు ఐదు గుండ్లనీ ఒక చొక్కా గుండీ కింద దాచగలిగేంత చోటులో పెట్టింది. పదిసార్లు అలా కాల్చినా అంతే. అదే రైఫిలు అధ్యక్షుల భుజానికి వచ్చేసరికి ఐదు గుండ్లనీ కప్పడానికి సాసరు కావలసి వచ్చింది. సంఘం మూడు రోజులు చర్చించి, రైఫిలుకి మనుషుల ముందు మొహమాటం ఉందని నివేదిక ఇచ్చింది.

ఇలా హాయిగా సాగుతున్న మా క్లబ్బులోకి అధ్యక్షుల కోడలు గడియారం బాగుచెయ్యడానికి వచ్చింది.

ఆ అమ్మాయిది బజారు మలుపులో గడియారాల మరమ్మతు దుకాణం. కంటికి భూతద్దం తగిలించుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగులతో కుస్తీ పడుతుంది. భర్త, అంటే అధ్యక్షుల కొడుకు, గూడ్సు రైలు గార్డు. వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. రేంజి గోడ గడియారం ఆగిపోతే మామగారు పిలిపించారు. నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటూ, ఒకసారి కాల్చి చూడొచ్చా అని అడిగింది. కోడలు అడిగితే కాదనే పద్ధతి ఆ ఇంట్లో లేదు. క్లబ్బు పాత రైఫిలు, ఎవరూ తాకనిది, ఇచ్చారు.

ఐదు గుండ్లు కాల్చింది. నాలుగు కాగితం మధ్యనున్న నల్లటి భాగంలో పడ్డాయి. ఐదోది ఎడమ కింద తెల్లటి చోట పడింది. మేమంతా పెద్దమనసుతో చప్పట్లు కొట్టాం. నేను పత్రం, కలం అందించాను. కొత్తవారు కదా అని గాలి మాస్టారు దారి చూపించారు.

"కుడి నుంచి చిన్న తెమ్మెర వచ్చిందమ్మా. మొదటి వరుసలో టిక్కు పెట్టు."

"గాలేం లేదు మాస్టారూ. ఊపిరి మరీ ఎక్కువసేపు బిగబట్టాను. చెయ్యి వణికింది. కంగారుపడి ట్రిగ్గరు గుంజేశాను. తప్పు నాదే."

పళ్ల డాక్టరు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ అమ్మాయి చెప్పిన కారణానికి అందులో వరుస లేదు. చివరికి అధ్యక్షులు గొంతు సవరించుకుని, "చిన్నపిల్ల, తెలీక అంది, మినిట్సులో రాయకండి" అన్నారు. నేను రాయలేదు. ఆ అమ్మాయికి ముప్పై రెండేళ్లు.

తెలీక అన్నది కాదని తర్వాత తెలిసింది. వారానికి మూడు సాయంత్రాలు దుకాణం మూసి రేంజికి రావడం మొదలుపెట్టింది. పది తప్పిన ప్రతిసారీ ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేది. ఒకసారి అడిగి చూశాను. "మోచెయ్యి జారింది. చెంప ఎత్తేశాను. పది పడిందని ముందే సంతోషపడ్డాను" అని వరసగా ఉంది. ఇది క్లబ్బు పరువుకి సంబంధించిన విషయమని మర్యాదగా చెప్పాను. "నా తప్పులే కదా బాబాయిగారూ, క్లబ్బువి కావుగా" అంది.

వింత ఏమిటంటే, నెలలు గడిచే కొద్దీ ఆ పుస్తకంలో రాయడానికి ఏమీ దొరకని రోజులు ఎక్కువయ్యాయి. ఐదు గుండ్ల గుంపు సాసరు నుంచి గుండీకి వచ్చింది. ఇందుకు కారణమేమిటని సంఘం లోతుగా విచారించింది. పాత రైఫిలు నాళం అరిగి సున్నితమైందని డాక్టరు, స్త్రీల ఎత్తుకి గాలి తక్కువ తగులుతుందని మాస్టారు అభిప్రాయపడ్డారు. అందరం పడుకునే కాలుస్తామని నేను గుర్తుచేశాక ఆ రెండో అభిప్రాయాన్ని ఉపసంహరించుకున్నారు.

ఏటా మా క్లబ్బుకీ ఏటి అవతలి క్లబ్బుకీ పోటీ జరుగుతుంది. ఒక్కో జట్టుకి ముగ్గురు, ఒక్కొక్కరికి ఇరవై గుండ్లు. గెలిచిన జట్టుకి కప్పు. అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఒక్కరి పేరు మాత్రం రెండు క్లబ్బుల గోడల మీదా రంగుతో రాస్తారు. మా జట్టులో ఇద్దరు ఎప్పుడూ ఖాయం, ఎందుకంటే వారు అధ్యక్ష, ఉపాధ్యక్షులు. మూడో చోటుకి ఎంపిక పరీక్ష పెడితే కోడలు అందరికన్నా ముందు నిలిచింది. కానీ ఆమె పేరు మీద నలభై మూడు విచారణ పత్రాలు కారణం నింపకుండా పెండింగులో ఉన్నాయి. పెండింగు ఉన్నవారు జట్టులో ఉండరాదని నిబంధన. నలభై మూడింటిలోనూ గాలి అని టిక్కు పెడితే సరిపోతుంది. రెండు నిమిషాల పని.

ఆ మాట చెప్పడానికి నేను అధ్యక్షుల ఇంటికి వెళ్లాను. భోజనాల బల్ల మీద తూటాల డబ్బాలు జరిపి నాకు మంచినీళ్లు పెట్టారు.

"టిక్కే కదా తల్లీ," అన్నారు అధ్యక్షులు బతిమాలుతున్నట్టు. "నిన్నెవరు ఏమన్నారు? గాలి కూడా ఏమీ అనుకోదు."

"అది కాదు మామయ్యా. నా దుకాణానికి రోజూ పాతిక గడియారాలు వస్తాయి. నీళ్లలో పడేసుకున్నవాళ్లు ఒక్కళ్లు కూడా పడేశామని చెప్పరు. గడియారం మంచిది కాదంటారు. నేనేమో లోపల తుప్పు చూస్తూ తలూపుతాను. ఈ ఒక్క చోటికి వచ్చినప్పుడే నేనేం చేశానో నాకు కాగితం మీద కనిపిస్తుంది. తప్పిన గుండు గాలిదైతే పది కొట్టిన గుండూ గాలిదే కదా. ఇక నా పేరు గోడ మీద ఎందుకు రాయాలి? గాలి పేరు రాసుకోవచ్చు."

"అయితే పోటీ వద్దా?"

"కావాలి మామయ్యా. ఏడాది నుంచి దానికోసమే చేస్తున్నాను. నిద్రలో కూడా గురి చూస్తున్నాను. ఆ గోడ మీద నా పేరు చూసుకోవాలని ఎంత ఆశగా ఉందో చెప్పలేను. కానీ అబద్ధం మీద సంతకం పెట్టి వెళ్లను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అని రాసుకోబోయి మానేశాను. అధ్యక్షుల భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"అన్నయ్యగారూ, ఆ ఇతరములు అన్న చోట తుమ్ములూ రంపాలూ రాస్తారట కదా. అక్కడ నేను అని రాస్తే పత్రం ఏమన్నా చిరిగిపోతుందా?"

చిరిగిపోదు. నలభై మూడు పత్రాల్లో ఇతరములు వరుసకి ఎదురుగా కోడలు పిల్ల 'నేను' అని రాసి సంతకం పెట్టింది. సంఘం పరిశీలించి, కారణం అసాధారణమైనదైనా రంపం కన్నా నమ్మదగ్గదేనని ముద్ర వేసింది. అలా ఆమె జట్టులోకి వచ్చింది.

పోటీ ఏటి అవతల రేంజిలో జరిగింది. రెండు క్లబ్బుల అధ్యక్షులూ అరగంట చొప్పున ప్రసంగించారు. క్రమశిక్షణ, ఏకాగ్రత, ఓటమిని హుందాగా స్వీకరించడం అనే గుణాలను రైఫిలే నేర్పుతుందని మా అధ్యక్షులు చెప్పినప్పుడు అవతలివారు కూడా చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే తూటాల పెట్టెలు ఎండ తగిలిన బల్ల మీద పెట్టారని మా అధ్యక్షులు మొదటి అభ్యంతరం దాఖలు చేశారు.

పోటీ నియమాల్లో ఒక సదుపాయం ఉంది. గుండు తప్పడానికి కారణం తనది కాదని అర్జీ పెట్టుకుంటే, జ్యూరీ ఒప్పుకుంటే, ఆ గుండు బదులు ఇంకొకటి కాల్చవచ్చు. అవతలి క్లబ్బులోనూ మనుషులే ఉన్నారు కాబట్టి అర్జీలకి లోటు రాలేదు. ఒకాయన తన నీడ తనకే అడ్డం వచ్చిందని పెట్టారు. ఇంకొకాయన మా డాక్టరు గట్టిగా ఆలోచించడం వల్ల తన ధ్యానం చెదిరిందన్నారు. మావాళ్ల అర్జీలు వాళ్లూ, వాళ్ల అర్జీలు మావాళ్లూ సమర్థించుకుంటూ ఎంతో సుహృద్భావంతో నడిచింది. అరగంటలో అయ్యే పోటీకి ఇరవై ఆరు అర్జీలతో సాయంత్రం నాలుగైంది. జ్యూరీ పెద్ద, ఓడరేవులో పనిచేసి రిటైరైన మనిషి, ఇరవై ఆరింటికీ ఒకే ముఖంతో సంతకాలు చేశారు.

అన్ని మినహాయింపులూ పోగా అవతలి జట్టు మొత్తం ఐదువందల ఎనభై తొమ్మిది. మా అధ్యక్షులు నూట తొంభై ఆరు, డాక్టరు నూట తొంభై నాలుగు. కోడలు ఒక్క అర్జీ కూడా పెట్టకుండా పంతొమ్మిది గుండ్లు కాల్చింది. పంతొమ్మిదీ పదులే. ఇక మిగిలింది ఒక్క గుండు. పది పడితే కప్పు మాది, తొమ్మిదైతే సమానం, ఎనిమిదైతే వాళ్లది. అందరం ఊపిరి బిగపట్టాం. తర్వాత ఎవరైనా మా ఊపిరిని కారణంగా చూపిస్తారేమోనని మళ్లీ వదిలేశాం.

ట్రిగ్గరు నొక్కిన క్షణంలో రేంజి మధ్య జెండాలు నాలుగూ ఒక్కసారిగా కుడివైపుకి ఎగిరాయి. కల్పన కాదు, నిజంగానే గాలి వీచింది. ముప్పై ఒక్క ఏళ్లలో మేం చూసిన మొట్టమొదటి అసలైన గాలి అది. గుండు ఎనిమిదిలో పడింది.

గాలి మాస్టారు ఆనందంతో వణికిపోయారు. జీవితమంతా దేనికోసం అబద్ధాలాడారో అది కళ్లెదుట నిజమై వచ్చింది. అర్జీ ఆయన జేబులో నింపి సిద్ధంగా ఉంది, సంతకమే తరువాయి. జ్యూరీ పెద్ద కూడా జెండాలు తాను స్వయంగా చూశానని చెప్పారు. సంతకం పెడితే ఇంకో గుండు. ఆ అమ్మాయి పది కొడుతుందనడంలో ఎవరికీ సందేహం లేదు. మా అధ్యక్షులు కప్పు పట్టుకోవడానికి జేబు రుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు.

కోడలు రైఫిలు కింద పెట్టి లేచి నిలబడింది. జుట్టు సవరించుకుంది. కప్పు వైపు ఒకసారి, మామగారి వైపు ఒకసారి చూసింది.

"గాలి వచ్చిన మాట నిజమేనండీ. కానీ రేంజి అంచున గడ్డి దగ్గరి జెండా నేను నొక్కకముందే కదిలింది. చూశాను. ఆగాల్సింది. తొందరగా అయిపోతే బాగుండనిపించి నొక్కేశాను. తప్పు నాదే. ఎనిమిదే రాసుకోండి."

జ్యూరీ పెద్ద కలం పక్కన పెట్టి నియమావళి తిరగేశారు. అందులో అర్జీలు ఒప్పుకోవడానికి పద్ధతి ఉంది, తిరస్కరించడానికి పద్ధతి ఉంది. తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో లేదు.

ఇప్పుడు అవతలి క్లబ్బువాళ్లు కప్పు అందుకుని సంబరపడతారనుకున్నాం. వాళ్ల ముఖాలు మాకన్నా ఎక్కువ పాలిపోయాయి. వాళ్ల కెప్టెన్ ముందుకొచ్చారు.

"ఇందులో ఏదో మెలిక ఉందండీ. ఇంత గాలి పెట్టుకుని ఎవరైనా ఇలా ఒప్పుకుంటారా? ఇవాళ ఈ ఒక్కటీ మనిషి తప్పని రాసుకుంటే, రేపు ఆ ఇరవై ఆరూ ఎవరి తప్పని అడగరా? మాకీ కప్పు వద్దు."

మా డాక్టరు ఆయన్ని కౌగిలించుకున్నారు. రెండు క్లబ్బుల చరిత్రలో అంతటి ఐక్యత నేను చూడలేదు. ఇద్దరూ కలిసి జ్యూరీకి ఉమ్మడి వినతి ఇచ్చారు. కాల్చిన మనిషి తనది తప్పని చెప్పడం అసంబద్ధం, ఆ కారణంగా ఆమె మొత్తం ఇరవై గుండ్లూ రద్దు చెయ్యాలి అని. ఎనిమిదితో కలిపినా ఆమెవి నూట తొంభై ఎనిమిది. ఆ రోజు రెండు జట్లలోనూ అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. అంటే ఎనిమిదిని ఎనిమిదిగా ఒప్పుకుంటే కప్పు పోతుంది, గోడ మీద పేరు ఆమెది. ఒప్పుకోకపోతే పేరు లేదు, పాయింట్లు లేవు, ఏడాది శ్రమ లేదు.

జ్యూరీ పెద్ద మూడు రోజులు పాత తీర్పులు తిరగేసి ఆదేశం ఇచ్చారు. ఇటువంటి ఒప్పుకోలు మనుషుల్లో ఉన్న ఆచారమేనా కాదా తేలాలి. ఏటికి ఇరువైపులా ఉన్న రెండు పట్టణాల్లో, తన పొరపాటుని తన పొరపాటుగా, తర్వాత 'కానీ' అన్న మాట కలపకుండా, సాక్షి ఎదుట ఒప్పుకున్నవారు ముగ్గురు దొరికితే ఆచారంగా గుర్తిస్తారు. ఆమె పాయింట్లు నిలుస్తాయి. గ్రంథాలయం హాల్లో ఒక రిజిస్టరు పెట్టించారు. గడువు నెల రోజులు. నిర్వహణ బాధ్యత నాకు అప్పగించారు.

మొదటి వారంలోనే రద్దీ మొదలైంది. రెండు పట్టణాల్లో ఇంతమంది నిజాయితీపరులున్నారని నాకు తెలియదు. దర్జీ ఒకాయన చొక్కా పొట్టిగా కుట్టింది తానేననీ, కానీ తెచ్చిన మనిషి అప్పటికి ఇంత లావు లేడనీ చెప్పారు. 'కానీ' దగ్గర ఆపేశాను. భార్యకి తప్పు నాదే అని చెప్పానంటూ ఒక పెద్దమనిషి వచ్చారు. వాదన ముగించడానికి అలా అన్నారే తప్ప దేని గురించో ఇప్పటికీ ఆయనకి తెలియదని ఆవిడ సాక్ష్యం చెప్పారు. కాలేజీ ప్రిన్సిపాలు తన విద్యార్థుల తప్పులన్నీ తాను ఉదారంగా ఒప్పుకుంటానన్నారు. ఒక ఇంజనీరు కూలిన పిట్టగోడకి తానే బాధ్యుణ్ణని మూడు పేజీలు రాసుకొచ్చారు. మూడో పేజీ చివర గోడ తనంతట తనే కూలిపోయింది. ఊళ్లో పేరున్న వక్త ఒకరు మానవ జాతి మొత్తం తరఫున క్షమాపణ కోరుతూ గంటసేపు ప్రసంగించి, తన తరఫున మాత్రం ఏమీ కోరకుండా వెళ్లారు.

రెండో వారంలో అధ్యక్షుల భార్య వచ్చారు. కొంగుతో కుర్చీ దుమ్ము దులిపి కూర్చున్నారు.

"రాసుకోండి అన్నయ్యగారూ. ఇంట్లో ఈయన ప్రతి తప్పూ ఎవరో ఒకరి మీదికి తోస్తుంటే, పోనీలే గొడవెందుకని మొదటి రోజే నోరు మూసుకున్నాను. అలా అలవాటు చేసింది నేనే. తప్పు నాదే."

ఇంకేమైనా కలుపుతారేమోనని ఆగాను. కలపలేదు. సాక్షిగా కోడలు సంతకం చేసింది. ఒకటి దొరికింది.

మూడో వారంలో ఒక పొద్దున రేంజికి వెళ్లేసరికి మామగారూ కోడలూ ఇద్దరే ఉన్నారు. అధ్యక్షులు చాప మీద పడుకుని ఒక గుండు కాల్చారు. దుర్భిణీలోంచి చూసి ఏడు అన్నారు. అలవాటుగా పత్రం కోసం చెయ్యి చాచి, సగంలో వెనక్కి తీసుకుని, కోడలి వైపు తిరిగారు.

"అమ్మాయ్, నేను ట్రిగ్గరు గుంజేశానంటావా?"

"గుంజేశారు మామయ్యా. కళ్లు కూడా మూసుకున్నారు."

"ఎప్పటి నుంచి మూసుకుంటున్నాను?"

"నేను చూసినప్పటి నుంచీ."

ఆయన ఇంకో గుండు వేసుకున్నారు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. తొమ్మిది పడింది. డెబ్భై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా నవ్వడం చూసి నాకు కూడా ఎందుకో నవ్వొచ్చింది. అటునుంచి అటే గ్రంథాలయానికి నడిచి వెళ్లి, "ముప్పై ఒక్క ఏళ్లుగా తప్పినవన్నీ నావే" అని రిజిస్టరులో రాశారు. రెండు దొరికాయి.

ఇక మూడోది మిగిలింది. గడువు ఈ శనివారం సాయంత్రం ఐదు గంటలకి ముగుస్తుంది. నిన్న కోడలు దుకాణం మూసి హాలుకి వచ్చింది. ఖాళీగా ఉన్న మూడో గీత చూసి, ఏమీ అడగకుండా, "మీరు రోజంతా ఇక్కడే కూర్చుంటున్నారు, అలసిపోయి ఉంటారు బాబాయిగారూ" అని మాత్రం అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఎందుకంటే, మీకొక్కరికే చెబుతున్నాను, వ్యవస్థాపక అధ్యక్షులు చేత్తో రాసిచ్చిన ఆ పత్రం అసలు ప్రతి నా సొరుగులో ఉంది. అందులో కారణాలు ఏడు కాదు, ఎనిమిది. మొట్టమొదటి వరుస 'కాల్చిన మనిషి'. అచ్చుకి అక్షరాలు కూర్చుతుంటే పేజీలో ఎనిమిది పట్టలేదు. ఒకటి తీసెయ్యాలి. ఆ వరుస ఎవరికీ పెద్దగా అవసరం పడదులే అనుకుని నేనే తీసేశాను. పోయేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, రెండో ముద్రణలో చూద్దామన్నాను. పదకొండు ముద్రణలయ్యాయి. ఇది నా తప్పే అని రాసేద్దామని నిన్న రాత్రి నుంచి అనుకుంటున్నాను కానీ, న్యాయంగా చూస్తే కాగితం సైజు చిన్నది.

అందుచేత పాఠకులకు విజ్ఞప్తి. కావలసింది ఒక్క సంతకం. ఏడాదిలో ఒక్కసారైనా, ఇంట్లోనో ఆఫీసులోనో, 'కానీ' లేకుండా 'తప్పు నాదే' అన్న రెండు మాటలూ అని ఉంటారు, మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. వచ్చి సంతకం చేస్తే ఆ అమ్మాయి పేరు గోడకెక్కుతుంది. మీరు తప్పక వస్తారన్న నమ్మకంతోనే నేను ఇంకా కలం తియ్యలేదు. శనివారం ఐదు దాటాక కూడా ఆ గీత ఖాళీగా ఉంటే, కారణం అన్న చోట మీ పేరే రాయవలసి వస్తుంది.